ఫోన్‌లో గీసిన కంచె: సాయంత్రం ఇంటికొచ్చే పశువులకు వర్చువల్ ఫెన్సింగ్

"గీత నీ ఫోన్లో ఉంటే ఆవుకెలగ తెలుస్తాది బాబూ?" అని అడిగాడు మా పసులు కాసే తాత, తోట మ్యాప్ మీద నేను వేలితో గీత గీసి చూపిస్తుంటే. కాలర్లు, అంటే ఆవు మెడకి కట్టే పెట్టెలు, ఇచ్చిన కంపెనీ వాళ్ళతో నాలుగు మీటింగుల్లో కూర్చున్నాను గానీ, ఇంత సూటి ప్రశ్న అక్కడ ఎవరూ వేయలేదు. ఆవుకు తెలియదు. దానికి గీతా కనపడదు, మ్యాపూ అక్కర్లేదు. మెడలో పెట్టె కూత పెడుతుంది, కూత విని వెనక్కి తిరిగితే ఏమీ కాదు, తిరక్కుండా ముందుకే నడిస్తే మెడ మీద చురుక్కుమంటుంది. నాలుగైదుసార్లకి ఆవు ఆ లెక్క పట్టేస్తుంది, అప్పటినుంచి కూతే కంచె.

మాది బొబ్బిలి పక్క పల్లె. తొమ్మిది ఎకరాల తోట, కొంత మామిడి, కొంత జీడి, మధ్యలో గరువు బీడు, ఈ మూడింటిమీద బతికే పదకొండు ఆవులు. కిందటేడు ఒక చిన్న కంపెనీ (పేరెందుకులెండి) ట్రయల్‌కని ఎనిమిది కాలర్లు నాలుగు నెలలు ఇచ్చింది. ఏది పనిచేసింది, ఎక్కడ నేను తప్పు చేశాను అన్నది వరసగా రాస్తాను. ఒక్కటి మాత్రం ముందే చెప్పాలి. ఈ సరుకు ఎక్కువగా తయారైంది అమెరికా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, నార్వేల్లో వారాలూ నెలలూ బయటే ఉండే పశువుల కోసం. మన ఆవు పొద్దున్న పోయి సాయంత్రం పాలపూటకి ఇంటికొచ్చి గుంజకి కట్టించుకుంటుంది. ఈ ఒక్క తేడా వల్ల వాళ్ళ పుస్తకాల్లో ఉన్న సగం సలహాలు మనకి తిరగేసి చదువుకోవాల్సి వస్తుంది.

అసలు పెట్టెలో ఏముంటుంది

ఒక జీపీఎస్, ఒక సిమ్ కార్డు లేదా రేడియో, స్పీకర్, బ్యాటరీ, కొన్నిటికి రెండు పక్కలా చిన్న సోలార్ పలకలు, మెడకు తగిలేలా లోహపు గొలుసో ముళ్ళో. నార్వేలో మొదట మేకల కోసమే మొదలైన నోఫెన్స్ అనే కంపెనీ కాలర్లలో కూత సన్నగా మొదలై స్వరం పెరుగుతూ పోతుంది, పశువు నడిచే వేగాన్ని బట్టి ఐదు సెకన్లనుంచి ఇరవై సెకన్ల దాకా. వెనక్కి తిరిగితే కూత ఆగిపోతుంది. వినకపోతే ఒక్క షాక్. ఇలా మూడుసార్లు చూసి, మూడోదానికీ వినకపోతే కాలర్ ఊరుకుని 'పశువు బయటికి పోయింది' అని ఫోన్‌కి చెబుతుంది. తిరిగి లోపలికి వచ్చేటప్పుడు కూతా ఉండదు, షాకూ ఉండదు. అది చాలా ముఖ్యం, లేకపోతే బయటపడ్డ ఆవు ఇక లోపలికే రాదు. న్యూజిలాండ్ కంపెనీ హాల్టర్ కాలర్లలో కూతతో పాటు వణుకు కూడా ఉంటుంది. అమెరికాలో ఇలాంటి కాలర్లే చేసే వెన్స్‌ని 2022లో మందుల కంపెనీ మెర్క్ కొనేసింది. ఇంతకీ ఈ ఆలోచన పశువుల కోసం పుట్టింది కాదు, 1973లో అమెరికాలో రిచర్డ్ పెక్ అనే ఆయన పెంపుడు కుక్కలు పెరడు దాటకుండా పేటెంట్ తీసుకున్నది.

షాక్ ఎంత అంటే నోఫెన్స్‌లో ఆవుకి 0.2 జౌల్, మేకకి, గొర్రెకి 0.1 జౌల్. మామూలు సోలార్ ఫెన్సింగ్ తీగ కొట్టే దెబ్బలో ఇది చిన్న వంతు. చీమ కుట్టినట్టే ఉంటుందని కంపెనీ కుర్రాడు అంటే, సరే అని మా కాలర్‌ని మోచేతికి ఆనించి చూసుకున్నాను. చీమ కాదు. తేనెటీగ అంటే ఒప్పుకుంటాను. మీ పశువుకి కట్టేముందు మీరూ ఒకసారి పెట్టుకుని చూడండి, అప్పుడు గీత ఎక్కడ గీయాలో చెయ్యి దానంతటదే జాగ్రత్త పడుతుంది.

చేలమీద పడే ఆవు మెడకి మన పెద్దవాళ్ళు గుదిబండ కట్టేవారు, పరుగెడితే కాళ్ళకి తగిలేలా. ఆ బండకే సిమ్ కార్డు వేశారనుకోండి. తేడా ఏంటంటే గుదిబండ రోజంతా బాధ పెడుతుంది, ఇది గీత దగ్గరే.

మొదటి మెట్టు: మీ నేలకి ఇది కుదురుతుందా

జీపీఎస్ చెప్పే చోటు ఎప్పుడూ కొన్ని మీటర్లు అటూఇటూ అవుతుంది. అందుకని పక్కవాడి చేను గట్టు మీదే గీత గీయకూడదు, కనీసం పది మీటర్లు లోపలికి జరిపి గీయాలి. ఇప్పుడు లెక్క చూడండి. ఒక ఎకరం చతురస్రంగా ఉందనుకుంటే ఒక్కో వైపు దాదాపు 64 మీటర్లు. నాలుగు వైపులా పదేసి మీటర్లు వదిలితే మిగిలేది 44 మీటర్ల చతురస్రం, అంటే 48 సెంట్లు. సగం పోయింది! అదే ఐదెకరాలు ఒకేచోట ఉంటే 142 మీటర్ల వైపు, పదేసి వదిలినా మూడెకరాల అరవై సెంట్ల పైనే చేతికొస్తుంది. మీ అరెకరం ఇక్కడ, ముప్పై సెంట్లు చెరువు అవతల, ఇంకో ముక్క రోడ్డు దగ్గర ఉంటే దీని జోలికి పోకండి. పలుపు తాడు, గుంజ, ఒక మనిషి. అంతకు మించింది లేదు. పొడవుగా, సన్నగా ఉన్న ముక్కలూ అంతే, యాభై మీటర్ల వెడల్పైనా లేని చోట ఆవు ఏ వైపు తిరిగినా కూతే వినిపిస్తుంది, దానికి ఏ వైపు తప్పో అర్థం కాదు.

ఎవరికి కుదురుతుందంటే తోటలున్నవాళ్ళకి, పెద్ద గోశాలలకి, నలుగురైదుగురు కలిసి ఒకే బీడులో మేపుకునే వాళ్ళకి. నలభై, యాభై మేకలున్న మందలకీ బాగానే ఉంటుంది, కాకపోతే మన మేకలు చిన్నవి, ఆ సంగతి కాలర్ దగ్గర చెబుతా.

ఇంకోమాట, చాలామంది ఇక్కడే పొరబడతారు. ఈ కంచె మీ పశువుని బయటికి పోనివ్వదు, అంతే. ఊరి ఆంబోతు లోపలికి రావాలంటే దాన్ని ఆపేది ఏదీ లేదు. అడవి పందీ వస్తుంది, కుక్కలూ వస్తాయి, ఉద్దానం వైపు అయితే ఎలుగుబంటి కూడా. కంచె ఉందిగా అని రాత్రి పశువుల్ని తోటలో వదిలేద్దామనుకుంటే ఆ ఆలోచన మానుకోండి.

రెండో మెట్టు: సిగ్నల్ నడక

కాలర్ కొనకముందే ఇది చేయాలి, ఖర్చు సున్నా. నడిచిన దారి రాసిపెట్టే యాప్ ఏదో ఒకటి ఫోన్‌లో ఆన్ చేసి తోట చుట్టూ గట్టు మీద నడవండి. తర్వాత ఫోన్‌ని ప్లాస్టిక్ కవర్లో చుట్టి ఒక కొమ్మకి వేలాడదీసి గంట వదిలేయండి. ఫోన్ కదలలేదు కాబట్టి మ్యాప్ మీద ఒక్క చుక్కే రావాలి, కానీ చుక్కలు చెదిరి ఉంటాయి. ఎంత చెదిరితే మీ గీత అంత లోపలికి రావాలి. మా బీడులో నాలుగు మీటర్ల లోపే ఉన్నాయి. ముసలి మామిడి కింద, ఆకు దట్టంగా ఉన్నచోట పన్నెండు మీటర్ల దాకా పోయాయి, అందుకే ఆ వైపు పది మీటర్లు కాదు, పదిహేను వదిలాను. వానాకాలంలో ఆకు తడిసి ఉన్నప్పుడు ఇంకోసారి చేయండి.

సిమ్ సంగతి. కాలర్లలో చాలావాటికి వేగమైన నెట్ అక్కర్లేదు, పాత 2జీ లాంటిది చాలు. అయితే జియోకి 2జీ లేదు. మీ ఇంట్లో అందరి ఫోన్లూ జియో అయి, తోటలో నాలుగు గీతలు చూపిస్తున్నాయని సంబరపడితే లాభం లేదు, కాలర్ లోపల ఏ సిమ్ ఉందో, దానికి అక్కడ టవర్ అందుతుందో చూడాలి. సిమ్ లేకుండా సొంత రేడియో టవర్ పెట్టుకునే రకాలూ ఉన్నాయి. అమెరికా రాంచ్‌లకి అవి బాగుంటాయి, ఒక్క టవర్ వేల ఎకరాలకి సరిపోతుంది. కానీ ఆ ఒక్క టవరే పది వేల డాలర్ల మాట! మనకి ఎకరాలు ఎక్కడివి? పైగా అమెరికా కాలర్ల రేడియో 915 మెగాహెర్ట్జ్ దగ్గర నడుస్తుంది, మన దేశంలో ఇలాంటి పరికరాలకి లైసెన్సు లేకుండా ఇచ్చింది 865 నుంచి 868 దాకా. బంధువు ఎవరో సూట్‌కేసులో తెస్తానన్నాడని తెప్పించుకోకండి. రేడియో ఉన్న పరికరం బయటినుంచి రావాలంటే టెలికాం శాఖ డబ్ల్యూపీసీ విభాగం అనుమతి ఉండాలి.

సిగ్నల్ పోతే ఏమవుతుంది అని అందరూ అడుగుతారు. గీత కాలర్‌లోనే దాచి ఉంటుంది, కాబట్టి టవర్ లేకపోయినా కూత, షాక్ పనిచేస్తూనే ఉంటాయి, మీకు మాత్రం ఏమీ కనపడదు, గీత మార్చలేరు, ఆపలేరు కూడా. వినడానికి బాగానే ఉంది కానీ మన సముద్రం పక్క జిల్లాల్లో ఇదే భయం. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను వచ్చి ఉద్దానంలో కొబ్బరీ జీడీ నేలకూలినప్పుడు కరెంటూ లేదు, ఫోన్లూ లేవు, రోజుల తరబడి. అలాంటప్పుడు మెరక చేరుకుందామని పరుగెత్తే ఆవుని మెడలో కాలర్ వెనక్కి తిప్పుతూ ఉంటే? తుఫాను హెచ్చరిక వినగానే, గాలి మొదలయ్యేదాకా ఆగకుండా, కాలర్లు విప్పి ఇంట్లో పెట్టేయండి. ఆఫ్ చేయడం కాదు, విప్పడం.

మూడో మెట్టు: గీత గీయడం

యాప్‌లో వేలితో నాలుగు మూలలు నొక్కితే గీత పడిపోతుంది, రెండు నిమిషాల పని. ఆ రెండు నిమిషాల ముందు రెండు రోజులు తోటలో తిరగండి.

నీళ్ళు గీత లోపల ఉండాలి. వేసవిలో ఒక పెద్ద ఆవు రోజుకి యాభై, అరవై లీటర్లు తాగుతుంది, దాహమేసిన ఆవుకి మీ కూత వినపడదు. నీడ కూడా లోపలే. మూలలు సూదిగా ఉండకూడదు, మూలకి పోయిన ఆవు రెండు వైపులా కూత విని బెదిరిపోతుంది, అందుకని మూలల్ని గుండ్రంగా తిప్పండి. మన చేల ఆకారాలు ఎలాగూ గుండ్రమూ కాదు, చతురస్రమూ కాదు, ఏదో పక్కకి తోకలా పొడుచుకొచ్చి ఉంటుంది, ఆ తోకని వదిలేయడమే మేలు.

లోపల కూడా వద్దనుకున్న చోట్లకి చిన్న చిన్న గీతలు చుట్టొచ్చు. నేను మూడు చుట్టాను, ఒకటి గట్టు లేని నేలబావికి, ఒకటి గడ్డికుప్పకి, ఒకటి కొత్తగా వేసిన జీడి అంట్లకి. అంట్లకి బాగా పనిచేసింది. బావి చుట్టూ మాత్రం గీతని నమ్ముకోకండి, కంప కొట్టండి, లేదా గట్టు కట్టించండి, పది మీటర్ల పొరపాటుకి బావి దగ్గర ఖరీదు వేరే. హౌరా-చెన్నై రైలు పట్టాల పక్కన, జాతీయ రహదారి పక్కన కూడా ఇదే మాట. అక్కడ నిజం కంచె ఉండాలి, ఇది దానికి తోడు మాత్రమే. జీడి పళ్ళు రాలే కాలంలో, అంటే మార్చి తర్వాత, జీడి వైపు మొత్తం మూసేయండి. పళ్ళకోసం ఆవులకి పిచ్చి పడుతుంది, పండుతో పాటు పిక్కా నోట్లోకే పోతుంది, పిక్కలేరుకునే ఆడవాళ్ళు మిమ్మల్ని తిట్టేది వేరే.

ఇక పక్క చేలు. వరి కోతకి ముందే చేలో మినుములో పెసలో చల్లేస్తాం కదా, దుక్కీ లేదు, కంచే లేదు, సంక్రాంతి దాటేసరికి పల్లమంతా పచ్చగా ఉంటుంది. కోతలైపోయాయి కదా అని ఊళ్ళో పశువుల్ని వదిలేసేదీ అప్పుడే. మా తోట కింద చేను పెదనాన్న వరసాయనది, ఆయన పెసర చేలో మా కర్రావు పడ్డ ఏడు ఆరు నెలలు మా ఇంటి గుమ్మం తొక్కలేదు. అందుకే ఆ వైపు ఇరవై మీటర్లు వదిలాను. చేలో పడ్డ పశువుని పట్టుకుని బందెలదొడ్డికి తోలే హక్కు ఆ చేను రైతుకి 1871 నాటి చట్టం నుంచీ ఉంది, ఊళ్ళో దొడ్డి కనపడకపోయినా చట్టం ఉంది. 'కాలర్ పనిచేయలేదు పెదనాన్నా' అంటే ఎవరూ వినరు.

నాలుగో మెట్టు: కాలర్ కట్టడం

బరువు చూడండి ముందు. నోఫెన్స్ ఆవుల కాలర్ కిలోన్నరకి కాస్త తక్కువ, మేకలది అర కిలో. రెండొందల కిలోల మన నాటు ఆవు మెడకి కిలోన్నర ఫరవాలేదు. అర కిలో మాత్రం పాతిక కిలోల మన మేకకి బరువే. ఇరవై కిలోల లోపు మేకకి నేనైతే కట్టను. దూడలకి అసలు వద్దు, రోజురోజుకీ మెడ పెరుగుతుంది, కాలర్ పెరగదు.

మెడ పట్టీకి లోపల మీ అరచెయ్యి అడ్డంగా దూరాలి, అంతకంటే వదులైతే గొలుసు తగలదు, కూత వినిపించి షాక్ తగలకపోతే ఆవు కూతని లెక్కచేయడం మానేస్తుంది. బిగువైతే పుండు పడుతుంది. మొదటి వారం రోజూ, తర్వాత వారానికోసారి పట్టీ జరిపి కింద వేళ్ళు పెట్టి తడమండి. మా ఎర్రావుకి గంగడోలు మీద వెంట్రుక ఊడి గుండ్రంగా బొబ్బ లేచింది రెండో వారం, కనపడలేదు, వేళ్ళకి తగిలింది. పది రోజులు కాలర్ తీసేశాం. మెడగంట ఉంటే తీసేయండి, కూత వినపడాలి. వయసు మీరిన ఆవుకి చెవుడు ఉండొచ్చు, వెనకనుంచి చప్పట్లు కొట్టి చూడండి.

కాలర్ నంబర్ని చెవి పోగు మీద ఉన్న పన్నెండు అంకెల పశు ఆధార్ నంబరుతో కలిపి నోట్‌బుక్‌లో రాసుకోండి. ఫోన్‌లో 'నంబర్ 6 బయటికి పోయింది' అని వచ్చినప్పుడు తాతని అడిగితే తాత 'ఆరంటే ఏ గొడ్డు' అని అడుగుతాడు, అప్పుడు వెతుక్కోలేం.

ఐదో మెట్టు: నేర్పడం

తొందర పడొద్దు. కనీసం వారం. దీన్ని తొందరగా కానిచ్చినవాళ్ళే 'ఇది పనిచేయదండీ' అంటారు.

మూడు వైపులా నిజం కంచె లేదా గోడ ఉన్న చిన్న చోటు చూసుకోండి. నాలుగో వైపు మాత్రమే ఫోన్ గీత. ఆ గీత దగ్గర మొదటి రెండు రోజులు కంపో, తాడో, తెల్ల గుడ్డలో కట్టి ఉంచితే ఇంకా మంచిది, కంటికి ఏదో కనపడుతుంది, చెవికి కూత వినపడుతుంది, రెండూ కలిపి అర్థమవుతాయి. మూడో రోజు గుడ్డలు తీసేయండి. గీత అవతల మేత బాగుండాలి, లేకపోతే ఆవు అటు పోనే పోదు, నేర్చుకోనూ నేర్చుకోదు. ఉదయం చల్లగా ఉన్నప్పుడు మొదలుపెట్టండి, మీరు పక్కనే ఉండండి, కానీ అరవకండి, కర్ర ఎత్తకండి. కూత వచ్చినప్పుడు మీరు 'హోయ్' అన్నారో, ఆవు మీ అరుపుకే వెనక్కి తిరుగుతుంది, కూతకి కాదు. తాతని ఈ విషయంలో ఆపడమే నాకు పెద్ద పనైపోయింది. నలభై ఏళ్ళుగా నోటితో కాసిన మనిషి.

మొదటి షాక్ తగిలినప్పుడు ఎనిమిదిటిలో ఐదు వెనక్కి గెంతాయి, రెండు అక్కడే నిలబడిపోయాయి. ఒకటి ముందుకి పరుగెత్తింది, అంటే తప్పు నేర్చుకుంది. దాన్ని ఇంకా చిన్న చోట పెట్టి మళ్ళీ మొదలుపెట్టాం. మూడో రోజుకి కూత స్వరం పెరగకముందే తల తిప్పడం మొదలెట్టాయి. యాప్‌లో కూతల లెక్క, షాకుల లెక్క వేరువేరుగా ఉంటాయి, కూతలు ఎన్నున్నా ఫరవాలేదు, షాకులు రోజురోజుకీ తగ్గుతున్నాయా అన్నదే చూడాలి. వారం తర్వాత కూడా రోజుకి ఐదారు షాకులు తింటున్న పశువుకి కాలర్ విప్పేయండి, కొన్నిటికి ఇది పడదు, మొండితనం కాదది, మా కర్రావు అలాంటిదే.

పాలుతాగే దూడ ఉన్న తల్లితో ఇంకో చిక్కు. దూడకి కాలర్ ఉండదు కాబట్టి గీత దాటి పోతుంది, అక్కడినుంచి 'అంబా' అంటుంది. తల్లికి కూతా వినపడదు, షాకూ పట్టదు. తల్లీ దూడ జంటని ఈ లెక్కలోంచి తీసేయండి, లేదా దూడని ఇంటి దగ్గర ఉంచండి.

ఆరో మెట్టు: రోజూ ఆన్, ఆఫ్

వాళ్ళ దేశాల్లో ఈ మెట్టు పెద్దగా అక్కర్లేదు, మనకి ఇదే అసలుది.

కాలర్ ఆన్‌లో ఉన్న పశువుని ఎప్పుడూ, ఎక్కడా కట్టేయకూడదు. దీన్ని పశువుల సాల గోడ మీద సున్నంతో రాసిపెట్టండి. మూడో వారంలో ఒక రాత్రి పదకొండింటికి సాలలోంచి కూత. నిద్రలో ఎవరిదో ఫోన్ అనుకున్నా. రెండోసారి వచ్చాక లేచి పరుగెత్తా. సాయంత్రం పాలు తీసే హడావుడిలో రెండు కాలర్లు ఆఫ్ చేయడం మర్చిపోయా. గీత ఇంటి దాకా కలిపి గీసి ఉంది కదా, ఏం కాదులే అనుకునేవాణ్ణి. కానీ మా సాల రేకుల షెడ్డు. రేకుల కింద జీపీఎస్‌కి ఆకాశం కనపడదు, గోడలకి తగిలి వచ్చే సిగ్నల్‌తో చోటు తప్పు చూపిస్తుంది, ఆవు గుంజ దగ్గరే పడుకుని ఉంటే పెట్టె మాత్రం అది వీధి అవతల ఉందనుకుంది. కూత పెట్టింది. కట్టేసిన ఆవు ఎటు తిరుగుతుంది? పలుపు తెంచుకోబోయి మోకాళ్ళ మీద పడి ఉంది నేను వెళ్ళేసరికి. కళ్ళు తెల్లగా తిరిగి, మూతి నిండా నురగ. కాలర్ విప్పి, మెడ నిమురుతూ కూర్చున్నా తెల్లారేదాకా. తర్వాత నాలుగు రోజులు ఆ ఆవు సాలలోకి రానంది, తాత దాణా చూపించి తిప్పలు పడ్డాడు. తప్పు కాలర్‌ది కాదు, నాది.

ఆ రోజునుంచి కాలర్లు ఉన్నన్నాళ్ళూ మా పద్ధతి ఇలా ఉండేది. పొద్దున్న తోటకి తోలుకెళ్ళేటప్పుడు కాలర్లు ఆఫ్. వీధి, గోర్జి, కాలవ గట్టు ఇవన్నీ సన్నటి దారులు, వాటిని గీతలో కలపొద్దు. తోటలో అన్నీ లోపలికి వచ్చి సర్దుకుని మేత మొదలెట్టాక, పావుగంట ఆగి ఆన్. సాయంత్రం నాలుగున్నరకి ఫోన్‌లో అలారం, అలారం రాగానే ఆఫ్, ఆఫ్ అయినట్టు ఎనిమిదిటికీ ఎనిమిది యాప్‌లో కనపడ్డాక తాత తోలుకొచ్చేవాడు. సాలలో కాలర్ విప్పి మేకుకి తగిలించడమే ఇంకా మంచిది, రెండు నిమిషాలు ఎక్కువ పడుతుంది, మెడకీ గాలి తగులుతుంది. కొన్ని కంపెనీల కాలర్లతో షెడ్డులో పెట్టుకునే చిన్న బ్లూటూత్ పెట్టె వస్తుంది, దాని దగ్గరికి రాగానే కాలర్ ఊరుకుంటుంది. మన రేకుల షెడ్లకి అది ఉన్న కాలరే తీసుకోండి.

ఏడో మెట్టు: గీత జరుపుతూ మేపడం

పెట్టిన శ్రమంతా దీనికోసమే. పశువులు బయటికి పోకుండా ఆపడానికే అయితే తాత చాలు.

మా తోటలో గీతలన్నీ పోగా ఏడెకరాల దాకా మిగిలింది, దాన్ని ఆరు ముక్కలు చేశా. ఒక్కో ముక్కలో నాలుగు రోజులు. మళ్ళీ అదే ముక్కకి వచ్చేసరికి ఇరవై రోజులు దాటుతుంది, తొలకరి పడ్డాక పచ్చిక లేవడానికి అది సరిపోయింది, వేసవిలో ఏ లెక్కా సరిపోదు, ఎండుగడ్డే. గీత జరిపేటప్పుడు ముందు కొత్త ముక్కని తెరవండి, ఆవులు వాటంతటవే పోయాక, మర్నాడు పాత ముక్కని మూయండి. ఆవులు ఇంకా ఉన్నచోటుకి గీతని తోసుకుంటూ తెచ్చారంటే ఉన్నట్టుండి తాము బయట ఉన్నట్టు తేలుతుంది, ఎటు పోవాలో తెలియదు. ఎప్పుడూ పగలే మార్చండి.

రెండో ముక్క అయిపోయిన సాయంత్రం తాత నన్ను పిలిచి చూపించాడు. ఇటువైపు నేల దగ్గరికి నాకేసినట్టు మేసి ఉంది, అటువైపు మోకాలెత్తు పచ్చిక, మధ్యలో గుంజ లేదు, తాడు లేదు. కొంచెం వంకరగా, నేను ఫోన్లో గీసినట్టే. "ఇదేటి బాబూ, కొడవలెట్టి కోసినట్టుంది" అన్నాడు. కాసేపు అక్కడే గొంతుక్కూర్చుని చేత్తో తడిమి చూశాడు.

పశువు తప్పించుకుంటే

పోతుంది. టెన్షన్ పడకండి. పిడుగు పడ్డా, ఊరేగింపులో డీజే మోగినా, కుక్కలు తరిమినా మంద మొత్తం గీత దాటేస్తుంది, బెదిరి పరుగెత్తే పశువుని ఏ కూతా ఆపదు. యాప్‌లో చుక్క ఎక్కడుందో చూసి మనిషి వెళ్ళాలి. వెనక్కి తోలేటప్పుడు కాలర్ ఆఫ్ చేసే తోలండి, లోపలికి వచ్చేటప్పుడు షాక్ ఉండదని కంపెనీ చెప్పినా సరే. కాబట్టి కాపరి ఖర్చు తప్పుతుందని ఎవరైనా చెబితే నమ్మొద్దు, మాకు తాత రోజంతా ఎండలో వెంట తిరగడం తగ్గింది, చెట్టుకింద కూర్చోగలిగాడు, అంతవరకే.

బ్యాటరీ విషయం చిన్నదే. సోలార్ కాలర్లు ఎండాకాలం ఢోకా లేదు, శ్రావణంలో వారం ముసురు పట్టినప్పుడు, పైగా జీడి నీడలో, ఛార్జి పడిపోతుంది. ముప్పై శాతం కిందికి వస్తే ఇంటికి తెచ్చి ఛార్జింగ్ పెట్టండి.

కొనేముందు అడగాల్సినవి

పశువుల మందుల షాపులో అడిగితే దొరికే సరుకు కాదిది, ట్రయల్ అడిగి తీసుకోవడమే దారి. ముందుగా మీ ఊరి పశువైద్యుడికి చెప్పండి, వీలైతే గరివిడి వెటర్నరీ కాలేజీ వాళ్ళనీ అడగండి. 1960 జంతు హింస నిరోధక చట్టం పశువుకి అనవసరంగా బాధ పెట్టడాన్ని నేరం అంటుంది. పుండు పడ్డ మెడతోనో, కట్టేసి షాక్ తిన్న ఆవుతోనో దొరికితే కంపెనీ రాదు, మీరే జవాబు చెప్పాలి. డాక్టర్ చూసి రాసిచ్చిన కాగితం ఒకటి దగ్గర ఉంచుకోవడం మంచిది. కరెంటు స్తంభం నుంచి నేరుగా తీగ లాగి చేను చుట్టూ కట్టేదాన్నీ, ఈ కాలర్లనీ కొందరు ఒక గాట కట్టి మాట్లాడుతుంటారు. ఆ తీగ మనుషుల్నీ పశువుల్నీ చంపుతుంది, జైలు పని.

ఎక్కువగా ట్రాకింగే కావాలనుకుంటే, అంటే పోయిన గేదె ఎక్కడుందో తెలిస్తే చాలనుకుంటే, షాక్ లేని జీపీఎస్ పట్టీ ఒకటి మందలో ముందు నడిచేదానికి కట్టండి, మిగతావి దాని వెనకే ఉంటాయి. ముగ్గురు నలుగురికి ఇదే చెప్పాను, వాళ్ళకి అదే సరిపోయింది.

కంపెనీ వాళ్ళని ఇవి అడగండి. షాక్ పూర్తిగా తీసేసి కూతతోనే నడిపే వీలుందా? ఎన్నిసార్ల తర్వాత కాలర్ తనంతట తానే ఊరుకుంటుంది? రేకుల షెడ్డులో ఏం చేస్తుంది, చేసి చూపిస్తారా? యాప్ తెలుగులో ఉందా, ఎందుకంటే కొన్నాక రోజూ ఆన్ ఆఫ్ చేయాల్సింది నేను కాదు, తాత మనవరాలు. పాడైన కాలర్‌కి బదులు ఎన్నాళ్ళకి వస్తుంది? నెల నెలా కట్టే డబ్బు ఆపితే కాలర్ పనిచేస్తుందా, ఒట్టి గుదిబండ అయిపోతుందా? మాకు ట్రయల్ ఇచ్చిన వాళ్ళు ఈ ఆఖరి ప్రశ్నకి రాతపూర్వకంగా జవాబిస్తామన్నారు. కాలర్లు వెనక్కి పట్టుకెళ్ళారు గానీ, ఆ కాగితం ఇంకా రాలేదు.